కెమికల్ ఇంజనీరింగ్‌లో కంప్యూటర్ ఇంటిగ్రేటెడ్ ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ బోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ కోర్సును కొత్తగా మొదలుపెట్టే అధ్యాపకులు, ల్యాబ్ బాధ్యత చూసేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. వరుసగానే చదవాలని లేదు. డేటా రీకన్సిలియేషన్ (మీటర్ల కొలతలను మాస్ బ్యాలెన్స్‌కు సరిపోయేలా సర్దడం) గురించిన జవాబును మాత్రం దాటేయొద్దు. మిగతా కోర్సంతా దాని మీదే నిలబడుతుంది.

ప్రాసెస్ కంట్రోల్ ఎలాగూ చెబుతున్నాం. మళ్లీ ఈ కోర్సు ఎందుకు?

ప్రాసెస్ కంట్రోల్ సెట్‌పాయింట్ (కంట్రోలర్ నిలబెట్టాల్సిన విలువ) దగ్గర మొదలవుతుంది. ఆ సెట్‌పాయింట్ 78 డిగ్రీలే ఎందుకు, ఎవరు పెట్టారు, ఏ డేటా చూసి పెట్టారు అన్నది అందులో రాదు. ఆర్డర్ల నుంచి వాల్వు దాకా నిర్ణయాలు ఎలా దిగుతాయో, సెన్సర్ నుంచి నెలాఖరు ఉత్పత్తి లెక్క దాకా అంకెలు ఎలా ఎక్కుతాయో, ఆ దారిలో ఎక్కడెక్కడ చెడిపోతాయో చెప్పేది ఈ కోర్సు.

అంచెలకు ఐఎస్‌ఏ-95 ప్రమాణంలోని విభజననే వాడండి. సున్నా అంచె అసలు ప్రక్రియ. ఒకటి సెన్సర్లు, వాల్వులు. రెండు డీసీఎస్, పీఎల్‌సీ అనే కంట్రోల్ కంప్యూటర్లు, ఆపరేటర్ తెర. మూడు ఉత్పత్తి నిర్వహణ: షెడ్యూలు, హిస్టోరియన్ (ప్లాంటు కొలతలను సమయంతో సహా దాచే డేటాబేస్), ల్యాబ్ ఫలితాలు, బ్యాచ్ రికార్డులు. నాలుగు వ్యాపార ప్రణాళిక. ఈ బొమ్మను విద్యార్థులు ఒక్క రోజులో బట్టీ పడతారు, అందువల్ల ఒరిగేదేమీ లేదు. అంచెల మధ్య లంకె ఎలాంటిదో ఒక లెక్కతో చూపిస్తే నిలుస్తుంది.

ఉదాహరణకు, ఒక ఉత్పత్తిలో మలినం 1.0 శాతం దాటకూడదు. కంట్రోల్ లూప్ (సెన్సర్, కంట్రోలర్, వాల్వుల వలయం) సరిగా ట్యూన్ కాలేదు, మలినం స్టాండర్డ్ డీవియేషన్ 0.2 శాతం ఉంది. రెండు డీవియేషన్ల జాగా వదలాలంటే సెట్‌పాయింట్ 0.6 దగ్గర పెట్టాలి. ట్యూనింగ్ బాగుచేసి డీవియేషన్‌ను 0.1కి తెస్తే 0.8 దగ్గర నడపొచ్చు. ఆ 0.2 తేడా అంటే తక్కువ రిఫ్లక్స్, తక్కువ ఆవిరి. రెండో అంచెలోని లూప్ ట్యూనింగ్ నాలుగో అంచెలోని ఖర్చు దాకా ఎలా పాకిందో ఇక్కడ కనిపిస్తుంది.

విద్యార్థులకు ముందే ఏమేం వచ్చి ఉండాలి?

మాస్, ఎనర్జీ బ్యాలెన్సులు గట్టిగా రావాలి. ఫస్ట్ ఆర్డర్ రెస్పాన్స్, పీఐడీ కంట్రోలర్ పరిచయం, ప్రాథమిక గణాంకశాస్త్రం ఉంటే చాలు. ప్రోగ్రామింగ్‌లో లూప్ రాయడం, ఫైల్ చదవడం, గ్రాఫ్ గీయడం వస్తే సరిపోతుంది. డేటాబేస్ ప్రశ్నలు రాయడం రెండు ల్యాబ్ క్లాసుల్లో నేర్పొచ్చు: వరుసలు ఎంచుకోవడం, సమయం ప్రకారం వడగట్టడం, రెండు పట్టికలను కలపడం. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను తయారుచేయడం మన పని కాదు. ఆ కాలాన్ని బ్యాలెన్సుల మీద పెట్టండి.

సెమిస్టర్‌లో ఎలా అమర్చాలి?

14 వారాలు, వారానికి రెండు గంటల పాఠం, మూడు గంటల ల్యాబ్ అనుకుందాం. మొదటి రెండు వారాలు అంచెలు, పీ అండ్ ఐడీ (పైపులు, పరికరాల బొమ్మ) చదవడం, ట్యాగ్ పేర్లు (ఒక్కో కొలతకు ఇచ్చే గుర్తింపు పేర్లు). మూడు నుంచి ఐదు వరకు బెంచ్ రిగ్ (బల్ల మీది చిన్న ప్రయోగ పరికరం) మీద లూప్‌లు. ఆరు నుంచి ఎనిమిది డేటా: హిస్టోరియన్, ల్యాబ్ ఫలితాలు, రీకన్సిలియేషన్. తొమ్మిదో వారం అలారాలు. పది, పదకొండు బ్యాచ్, షెడ్యూలింగ్. పన్నెండు ప్లానింగ్. చివరి రెండు వారాలు అన్నీ కలిపిన కసరత్తు.

చాలాచోట్ల ప్లానింగ్‌తో మొదలుపెట్టి కిందికి దిగుతారు, కాగితం మీద అది అందంగా ఉంటుంది. కానీ కొలతలో తప్పును కళ్లారా చూడని విద్యార్థి ఆప్టిమైజర్ ఇచ్చిన అంకెను అనుమానించడు. కింది నుంచి పైకే వెళ్లండి.

ఏ ప్లాంటును ఉదాహరణగా తీసుకోవాలి?

ఏదైనా సరే, 14 వారాలూ ఒకటే ఉండాలి. ఈ వారం హీట్ ఎక్స్‌ఛేంజర్, వచ్చే వారం సిమెంట్ మిల్లు అంటే అంకెల మధ్య సంబంధం ఎప్పటికీ కనపడదు. డిగ్రీ స్థాయికి ఫీడ్ ట్యాంకు, ప్రీహీటర్, ఒక రియాక్టర్, ఒక డిస్టిలేషన్ కాలమ్, రెండు ఉత్పత్తి ట్యాంకులు చాలు. ట్యాగులు 25 నుంచి 30 మధ్య ఉంచండి. అంతకు తక్కువైతే కొలతల్లో అదనపు సమాచారం మిగలదు, రీకన్సిలియేషన్‌కు పని ఉండదు. వంద దాటితే విద్యార్థి సగం కాలం ట్యాగులు వెతకడంలోనే గడుపుతాడు.

పీజీ స్థాయికి టెన్నెసీ ఈస్ట్‌మన్ సమస్య బాగా పనికొస్తుంది. డౌన్స్, వోగెల్ 1993లో ప్రచురించిన ఈ నమూనాలో 41 కొలతలు, 12 మార్చగల చలరాశులు, 20 రకాల అలజడులు ఉన్నాయి. కంట్రోల్ లేకుండా వదిలేస్తే అది స్థిరంగా నిలవదు, కాబట్టి ముందు నిలబెట్టడమే ఒక పని. డిగ్రీ విద్యార్థులకు మొదటి వారంలోనే ఇచ్చారంటే మాత్రం భయపడి వదిలేస్తారు.

ఏ సాఫ్ట్‌వేర్ కావాలి? లైసెన్సులు కొనాలా?

కొనక్కర్లేదు. సిమ్యులేషన్‌కు డీడబ్ల్యూసిమ్ ఉచితం, అందులో డైనమిక్ మోడ్, పీఐడీ కంట్రోలర్ ఉన్నాయి. లెక్కలకు పైథాన్. ఆప్టిమైజేషన్‌కు పయోమో, దాని కింద హైస్ (HiGHS) లేదా సీబీసీ సాల్వర్. డేటా నిల్వకు పోస్ట్‌గ్రెస్, ట్రెండ్ తెరలకు గ్రఫానా. సిమ్యులేటర్‌కీ డేటాబేస్‌కీ మధ్య ఓపీసీ యూఏ (పరికరాల మధ్య డేటా మార్పిడి ప్రమాణం) పెట్టండి. ఫైల్ రాసి ఫైల్ చదివే అడ్డదారి తేలికే కానీ, అలా చేస్తే అసలు పాఠం పోతుంది. ఓపీసీలో ప్రతి విలువ వెంట సమయం, నాణ్యత స్థితి కూడా వస్తాయి. ఆ మూడూ కలిస్తేనే కొలత. ఒట్టి అంకె కొలత కాదు.

పరిశ్రమలో వాడే ఖరీదైన ప్యాకేజీ ఉంటే చివరి వారాల్లో చూపించండి. దాని మెనూలు నేర్పడమే కోర్సుగా మారకుండా చూసుకోండి.

సిమ్యులేషన్ ఉంటే హార్డ్‌వేర్ అవసరమా?

అవసరమే, కనీసం ఒక రిగ్ అయినా. సిమ్యులేటర్‌లో సెన్సర్ అబద్ధం చెప్పదు, చెప్పమని మనమే రాస్తే తప్ప.

20 సెంటీమీటర్ల వ్యాసం, 40 సెంటీమీటర్ల ఎత్తున్న పారదర్శక ట్యాంకు తీసుకోండి. సుమారు 12.6 లీటర్లు పడుతుంది. నిమిషానికి 2 లీటర్లు పంపే చిన్న పంపు పెడితే మట్టం నిమిషానికి 6.4 సెంటీమీటర్లు పెరుగుతుంది. మూడు గంటల ల్యాబ్‌లో ఎన్నో స్టెప్ టెస్టులు చేయడానికి ఈ వేగం సరిగ్గా సరిపోతుంది. మట్టానికి 4–20 మిల్లీయాంపుల ప్రెషర్ ట్రాన్స్‌మిటర్, దాని లూప్‌లో 250 ఓమ్‌ల రెసిస్టర్. అప్పుడు 1 నుంచి 5 వోల్టుల సిగ్నల్ వస్తుంది, దాన్ని ఆర్డుయినో చదువుతుంది.

ఇక్కడ దాదాపు ప్రతి జట్టూ పడే గుంట ట్రాన్స్‌మిటర్ రేంజి. 40 సెంటీమీటర్ల నీరు ఇచ్చే పీడనం 3.9 కిలోపాస్కల్స్ మాత్రమే. అల్మారాలో దొరికిన 0–100 కిలోపాస్కల్స్ ట్రాన్స్‌మిటర్ బిగిస్తే ట్యాంకు ఖాళీ నుంచి నిండే దాకా సిగ్నల్ 0.63 మిల్లీయాంపులే కదులుతుంది. 10 బిట్ కన్వర్టర్‌లో అది 32 మెట్లు, అంటే ఒక్కో మెట్టు 1.25 సెంటీమీటర్లు. తెర మీద మట్టం మెట్లుమెట్లుగా దూకుతుంది, డెరివేటివ్ పెట్టిన కంట్రోలర్ పంపును ఆపి ఆపి కొడుతుంది. 0–5 కిలోపాస్కల్స్ ట్రాన్స్‌మిటర్ అయితే అదే కన్వర్టర్‌తో 640 మెట్లకు పైగా వస్తాయి. ముందే చెప్పేయకుండా తప్పు ట్రాన్స్‌మిటర్‌నే ఇవ్వండి, గ్రాఫ్ చూసి కారణం వాళ్లే పట్టుకోవాలి.

మిగతా తంటాలు మామూలువే: ట్యూబులో గాలి బుడగ వల్ల మట్టం తక్కువగా చూపడం, పైనుంచి పడే నీటి కుదుపు, పంపు మోటారు నుంచి వచ్చే విద్యుత్ నాయిస్. తీగ తెగితే సిగ్నల్ సున్నా మిల్లీయాంపులవుతుంది. 3.6 కన్నా తక్కువైతే దాన్ని సున్నా మట్టంగా కాక లోపంగా చూడాలని ప్రోగ్రామ్‌లో రాయించండి. రాయకపోతే తీగ తెగిన మరుక్షణం ట్యాంకు ఖాళీ అనుకుని పంపు పూర్తి వేగంతో నింపేస్తుంది. నేల తుడిచాక ఆ పాఠం ఎవరూ మర్చిపోరు.

నీళ్లతో పని వద్దనుకుంటే రెండు హీటర్లు, రెండు ఉష్ణోగ్రత సెన్సర్లు ఉన్న టీసీల్యాబ్ బోర్డు మంచిది. ఒక హీటర్ వేడి రెండో సెన్సర్‌కు తగలడం వల్ల లూప్‌ల మధ్య జోక్యం కూడా దాని మీదే చూపొచ్చు.

ట్యూనింగ్ ఎంత లోతుగా చెప్పాలి?

ఒక్క పద్ధతి, బాగా. జీగ్లర్, నికల్స్ సూత్రాలు 1942 నాటివి, చరిత్రగా చెప్పండి. అవి ఇచ్చే రెస్పాన్స్ ఎక్కువగా ఊగుతుంది. ఆచరణకు స్కోగెస్టాడ్ నియమాలు తేలిక. గెయిన్ ఒక శాతానికి 2 డిగ్రీలు, టైమ్ కాన్‌స్టంట్ 120 సెకన్లు, డెడ్ టైమ్ (కదలిక మొదలయ్యే దాకా పట్టే ఆలస్యం) 15 సెకన్లు అని స్టెప్ టెస్ట్‌లో తేలిందనుకోండి. కావలసిన క్లోజ్డ్ లూప్ టైమ్ కాన్‌స్టంట్‌ను డెడ్ టైమ్‌తో సమానంగా తీసుకుంటే, కంట్రోలర్ గెయిన్ = 120 ÷ (2 × 30) = డిగ్రీకి 2 శాతం. ఇంటిగ్రల్ టైమ్ 120, 4 × 30 రెండింట్లో చిన్నది, ఇక్కడ రెండూ 120 సెకన్లే.

లెక్క సరిగానే ఉన్నా లూప్ ఊగుతుంటే వెంటనే గెయిన్ తగ్గించనివ్వకండి. ముందు కంట్రోలర్‌ను మాన్యువల్‌లో పెట్టించండి. ఊపు ఆగిపోతే కారణం లూప్‌లోనే ఉంది: ట్యూనింగ్ కావచ్చు, వాల్వు పట్టేయడం కావచ్చు. ఆగకపోతే అలజడి బయటి నుంచి వస్తోంది. వాల్వు పట్టేసినప్పుడు కంట్రోలర్ అవుట్‌పుట్ రంపపు పళ్లలా, ఫ్లో చదరపు తరంగంలా కనిపించడం ఫ్లో లూపుల్లో తరచుగా చూసే గుర్తు.

హిస్టోరియన్ డేటాలో విద్యార్థులు ఎక్కడ తడబడతారు?

మొదటిది, సగటు. హిస్టోరియన్ ప్రతి సెకనూ దాచదు, విలువ చెప్పుకోదగినంత మారినప్పుడే దాస్తుంది, దీన్నే కుదింపు అంటారు. ఫ్లో 50 నిమిషాలు నిలకడగా 100 దగ్గర ఉంది, అప్పుడు 2 పాయింట్లే నిల్వయ్యాయి. తర్వాత 10 నిమిషాలు 70 చుట్టూ ఊగింది, 18 పాయింట్లు పడ్డాయి. విద్యార్థి ఆ 20 పాయింట్లకు మామూలు సగటు తీస్తే 73 వస్తుంది. సమయాన్ని బట్టి బరువు వేస్తే 95. మాస్ బ్యాలెన్స్ కుదరలేదని వచ్చే జట్టులో ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే: సగటు ఎలా తీశారు?

రెండోది, అదే కుదింపు స్టెప్ టెస్టును పాడుచేయడం. ఉష్ణోగ్రతకు కుదింపు హద్దు 1 డిగ్రీ ఉండి, స్టెప్ వల్ల మార్పు మొత్తం 2 డిగ్రీలే అయితే, కదలిక ఎప్పుడు మొదలైందో రికార్డులోనే ఉండదు. డెడ్ టైమ్ ఇష్టమొచ్చినట్టు వస్తుంది. టెస్ట్ జరిగేటప్పుడు కుదింపు ఆపేయాలి.

మూడోది ల్యాబ్ ఫలితం సమయం. నమూనా 8 గంటలకు తీశారు, ఫలితం 11:30కి ఎక్కించారు. పట్టికలు కలిపేటప్పుడు 11:30నే వాడితే, మూడున్నర గంటల తర్వాతి ఉష్ణోగ్రతకూ ఆ నాణ్యతకూ ముడి పడుతుంది. డేటాబేస్‌లో రెండు సమయాలకూ వేర్వేరు కాలమ్‌లు పెట్టించండి.

కొలమానాల గొడవ ఎప్పుడూ ఉండేదే. 2 బార్ గేజ్ అంటే దాదాపు 3 బార్ అబ్సల్యూట్. ట్యాగ్ వివరణలో అది రాయలేదంటే రిపోర్ట్ వెనక్కి ఇచ్చేయండి.

డేటా రీకన్సిలియేషన్ అంత ముఖ్యమా? తేలికగా ఎలా చెప్పాలి?

కోర్సులో ఒక్కటే అంశం మిగల్చమంటే మిగల్చాల్సింది ఇదే. కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లు డేటాను మనకన్నా బాగా తరలించగలరు, దాచగలరు, గీయగలరు. లోపలికి వెళ్లిన ద్రవ్యం బయటికి రావాలన్న నియమంతో ఆ డేటాను నిలదీయడం కెమికల్ ఇంజనీర్ పని.

బోర్డు మీద ఒక కాలమ్ గీయండి. గంటకు టన్నుల్లో ఫీడ్ 100.0, డిస్టిలేట్ 42.6, బాటమ్స్ 59.9 అని మీటర్లు చెబుతున్నాయి. బయటికి వచ్చేది 102.5, అంటే 2.5 ఎక్కువ. మూడు మీటర్ల స్టాండర్డ్ డీవియేషన్లు 1.0, 0.5, 1.0. వాటి వేరియన్స్‌లు 1, 0.25, 1, మొత్తం 2.25. తేడాను ఈ వేరియన్స్‌ల నిష్పత్తిలో పంచాలి, నమ్మకం తక్కువున్న మీటరు ఎక్కువ దిద్దుబాటు మోయాలి. ఫీడ్‌కు 1.11 కలిపితే 101.11. డిస్టిలేట్‌లో 0.28 తీస్తే 42.32. బాటమ్స్‌లో 1.11 తీస్తే 58.79. ఇప్పుడు లెక్క సరిపోయింది. చేత్తో చేసి చూపాక మ్యాట్రిక్స్ రూపానికి వెళ్లండి, తిరగేసి చెబితే సగం క్లాసు ట్రాన్స్‌పోజ్ గుర్తు దగ్గరే ఆగిపోతుంది.

ఆ వెంటనే రెండో ప్రశ్న: ఈ తేడా మామూలు నాయిసేనా, లేక ఏదో మీటరు చెడిందా? తేడా వర్గాన్ని వేరియన్స్ మొత్తంతో భాగించండి: 6.25 ÷ 2.25 = 2.78. ఒక సమీకరణానికి 95 శాతం నమ్మకంతో కై-స్క్వేర్ హద్దు 3.84. లోపలే ఉంది, పంచుకోవచ్చు. ఇప్పుడు బాటమ్స్ మీటర్‌ను 62.0కి మార్చండి. తేడా 4.6, పరీక్ష విలువ 9.4. ఇది నాయిస్ కాదు. దీన్ని కూడా మూడు మీటర్లకూ పంచేస్తే బాగున్న రెండు మీటర్లనూ చెడగొట్టినవాళ్లమవుతాం. సాఫ్ట్‌వేర్ మాత్రం ఏ సంకోచమూ లేకుండా పంచేస్తుంది, అడ్డుకోవాల్సింది మనిషే.

ఏ మీటరు చెడిందో ఒక్క సమీకరణం చెప్పలేదు. అందుకు ట్యాంకులు కావాలి. ఫీడ్ ట్యాంకు మట్టం తగ్గినదాన్ని బట్టి 100.4, బాటమ్స్ ట్యాంకు పెరిగినదాన్ని బట్టి 57.6 వచ్చాయనుకోండి. 42.6కు 57.6 కలిపితే 100.2. వేలు బాటమ్స్ మీటరు వైపు తిరిగింది. ఉదాహరణ ప్లాంటులో ట్యాంకులు ఉండి తీరాలన్నది ఇందుకే.

తర్వాత కారణం వెతకాలి. ఆరిఫిస్ మీటరైతే (రంధ్రమున్న ప్లేటుతో ప్రవాహం కొలిచేది) మొదట సాంద్రత చూడండి. ద్రవం వేడెక్కో, కూర్పు మారో సాంద్రత డిజైన్ కన్నా 8 శాతం తగ్గితే, దిద్దుబాటు లేని మీటరు ద్రవ్య ప్రవాహాన్ని సుమారు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. ప్లేటు అంచు అరిగితే, లేదా ప్లేటు తిరగేసి బిగిస్తే, తక్కువ చూపిస్తుంది. ఎక్కువ చూపుతోందా తక్కువా అన్నదాన్ని బట్టే అనుమానాల జాబితా సగానికి తగ్గిపోతుంది.

ప్రమాదాల పాఠాలను ఎక్కడ చేర్చాలి?

విడిగా భద్రత వారం అని పెట్టకుండా, రీకన్సిలియేషన్ చెప్పిన మర్నాడే అమెరికాలోని టెక్సస్ సిటీ ప్రమాదం చెప్పండి. 2005 మార్చి 23న అక్కడి రిఫైనరీలో ఐసోమరైజేషన్ యూనిట్‌ను స్టార్ట్ చేస్తుండగా రాఫినేట్ స్ప్లిటర్ టవర్ పొంగి పేలుడు జరిగింది, 15 మంది చనిపోయారు. ద్రవం బయటికి పోకుండా మూడు గంటలకు పైగా ఫీడ్ లోపలికి వెళ్తూనే ఉంది. సుమారు 52 మీటర్ల టవర్‌లో ద్రవం 48 మీటర్లకు చేరినప్పుడు తెర మీద మట్టం 2.4 మీటర్లు, అదీ నెమ్మదిగా తగ్గుతున్నట్టు.

తగ్గుతున్నట్టు ఎందుకు చూపింది? అది డిస్‌ప్లేసర్ రకం ట్రాన్స్‌మిటర్, ద్రవంలో వేలాడే బరువును ద్రవం ఎంత పైకి నెడుతోందో చూసి మట్టం చెబుతుంది. పూర్తిగా మునిగాక అది కొలిచేది మట్టాన్ని కాదు, ద్రవ సాంద్రతను. ద్రవం వేడెక్కే కొద్దీ సాంద్రత తగ్గింది, దాంతో పాటే తెర మీది అంకె కూడా తగ్గింది. ఈ కారణాన్ని విద్యార్థులతోనే రాబట్టండి, ఆర్కిమెడిస్ సూత్రం తెలిసినవాళ్లే కదా. ఫీడ్ లోపలికి ఎంత వెళ్తోందో ఒక తెరలో, బయటికి ఎంత వస్తోందో ఇంకో తెరలో ఉండేవని దర్యాప్తులో తేలింది. రెండూ ఒకే తెర మీద, పక్కన తేడాతో ఉంటే ఏం కనిపించేదో ఊహించి ఆ తెరను గీయమనడమే ఆ వారం ల్యాబ్.

అలారాలకు ఒక వారం మొత్తం ఎందుకు?

డిజిటల్ వ్యవస్థలో కొత్త అలారం పెట్టడానికి ఖర్చు లేదు, అందుకే అవి కుప్పలుగా పుడతాయి. 1994లో వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీ పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్లకు 275 అలారాలు వచ్చాయి. పరిశ్రమ మార్గదర్శకాల ప్రకారం ఒక ఆపరేటర్‌కు సగటున 10 నిమిషాలకు ఒకటి అయితే తట్టుకోగలరు. 10 నిమిషాల్లో పది దాటితే దాన్ని వరదగా లెక్కిస్తారు.

ల్యాబ్‌లో సిమ్యులేటర్‌కు ఉన్న ప్రతి ట్యాగ్‌కూ హై, లో అలారాలు పెట్టించి, ఫీడ్ పంపు ఆపేయండి. తెర ఎర్రబడుతుంది. తర్వాత ప్రతి అలారానికీ మూడు అడగమనండి: ఆపరేటర్ ఏం చేయాలి, ఎంత సమయం ఉంది, చేయకపోతే ఏమవుతుంది? ఏం చేయాలో రాయలేనిది అలారం కాదు, సమాచారం మాత్రమే. తీసేయాలి. మిగిలినవాటిలో సుమారు 80 శాతం తక్కువ, 15 శాతం మధ్యస్థ, 5 శాతం ఎక్కువ ప్రాధాన్యంలో పడాలి. హద్దు దగ్గర ఊగుతూ పదేపదే మోగే అలారానికి డెడ్‌బ్యాండ్ (విలువ హద్దు నుంచి కొంత వెనక్కి వచ్చాకే అలారం ఆగేలా వదిలే జాగా) పెట్టడం కూడా ఇక్కడే చేయించండి.

బ్యాచ్, షెడ్యూలింగ్ ఎలా మొదలుపెట్టాలి?

ఐఎస్‌ఏ-88లోని ఒక్క ఆలోచన చాలు: రెసిపీ వేరు, పరికరం వేరు. ఇన్ని కిలోలు పోసి 80 డిగ్రీలకు వేడిచేయి అన్నది రెసిపీ. ఏ వాల్వు తెరవాలి అన్నది పరికరానిది. రెండూ ఒకే ప్రోగ్రామ్‌లో కలిపి రాసిన జట్టుకు రెండో రియాక్టర్ ఇచ్చి చూడండి, మొదటి నుంచి రాసుకుంటారు.

షెడ్యూలింగ్‌కు ముందు సాల్వర్ వద్దు, కాగితం చాలు. ఒకే రియాక్టర్, లేత రంగు ఉత్పత్తి రెండు బ్యాచ్‌లు, ముదురు రంగు రెండు, ఒక్కోటి 6 గంటలు. లేత నుంచి ముదురుకు మారితే కడగడానికి 1 గంట, ముదురు నుంచి లేతకు 4 గంటలు. లేత, లేత, ముదురు, ముదురు అయితే 25 గంటలు. లేతతో మొదలుపెట్టి మార్చి మార్చి చేస్తే 30. ముదురుతో మొదలుపెట్టి రెండేసి చేస్తే 28. క్రమం మారితే చాలు, యంత్రం కొనకుండానే గంటలు మిగిలాయి.

ఆ తర్వాత పయోమోలో రాయించండి. గంటకో గడి చొప్పున కాలాన్ని విడగొట్టే పద్ధతితో మొదలుపెడతారు, బాగానే నడుస్తుంది. కడిగే సమయాన్ని ఒకటిన్నర గంటకు మార్చండి. గడి అరగంటకు తగ్గాలి, బైనరీ చలరాశులు రెట్టింపు అవుతాయి, సాల్వర్ నెమ్మదిస్తుంది. కంటిన్యువస్ టైమ్ పద్ధతులు ఎందుకొచ్చాయో వేరే చెప్పక్కర్లేదు. చివరగా, 6 గంటలు అన్న అంకెను హిస్టోరియన్‌లోని అసలు బ్యాచ్ సమయాలతో పోల్చమనండి. అన్నీ 6 గంటలకే ముగిసిన డేటా ఇవ్వొద్దు.

ప్లానింగ్‌కు ఒక్క వారమేనా?

లీనియర్ ప్రోగ్రామింగ్ వేరే కోర్సులో వచ్చే ఉంటుంది. ఇక్కడ చెప్పాల్సింది షాడో ప్రైస్ (ఒక పరిమితిని ఒక యూనిట్ సడలిస్తే పెరిగే లాభం) అర్థం, ఈల్డ్ (ముడిసరుకులో ఉత్పత్తిగా వచ్చే వంతు) అంకె ఎక్కడి నుంచి వచ్చిందన్న విచారణ. దిద్దని బాటమ్స్ మీటరుతో లెక్కించిన ఈల్డ్‌తో ఒకసారి, రీకన్సైల్ చేసినదానితో ఒకసారి ప్లాన్ నడపండి. రెండు ప్లాన్లూ పక్కపక్కన పెడితే చాలు.

మెషిన్ లెర్నింగ్ పెట్టకపోతే విద్యార్థులు ఊరుకోవడం లేదు. ఏం చేయాలి?

పెట్టండి, రీకన్సిలియేషన్ తర్వాత. ల్యాబ్ ఫలితాన్ని ఉష్ణోగ్రత, పీడనాల నుంచి అంచనా వేసే సాఫ్ట్ సెన్సర్ మంచి కసరత్తు. రెండు ఉచ్చులు తప్పక చూపించండి. ఒకటి, డేటాను యాదృచ్ఛికంగా విడగొట్టడం. పక్కపక్క నిమిషాల వరుసలు శిక్షణలోనూ పరీక్షలోనూ పడితే మోడల్ అద్భుతంగా కనిపిస్తుంది, వచ్చే నెల డేటాకు కుప్పకూలుతుంది. సమయం ప్రకారం కోయాలి: మొదటి నెలలు శిక్షణకు, చివరివి పరీక్షకు.

రెండోది ఇంకా సూక్ష్మమైనది. కంట్రోలర్ ఉష్ణోగ్రతను కదలనీయకుండా పట్టుకుంది కాబట్టి డేటాలో ఉష్ణోగ్రతకూ నాణ్యతకూ సంబంధమే లేదన్నట్టు కనిపిస్తుంది. మోడల్ ఆ ట్యాగ్‌ను పక్కన పెట్టేస్తుంది. నిజానికి నాణ్యతను నిలబెడుతున్నదే అది. ఇది గణాంకాలు తెలిస్తే పట్టుబడదు, ప్లాంటు తెలిస్తే పట్టుబడుతుంది.

నెట్‌వర్క్ భద్రత గురించి ఎంత?

ఒక పాఠం. రిగ్ ఉన్న నెట్‌వర్క్‌ను క్యాంపస్ నెట్‌వర్క్ నుంచి వేరుచేయండి, పై అంచెల నుంచి కింది అంచెకు చదివే హక్కు మాత్రమే ఇవ్వండి. ఓవర్‌ఫ్లో స్విచ్, హీటర్ కటౌట్ లాంటివి కంప్యూటర్‌తో సంబంధం లేకుండా నేరుగా తీగలతో పనిచేయాలి. అది ల్యాబ్‌లోనూ నియమమే.

మూల్యాంకనం ఎలా?

రాత పరీక్షకు 30 శాతం మించొద్దు. నిర్వచనాలు అడిగితే నిర్వచనాలే వస్తాయి.

చివరి కసరత్తుకు నలుగురి జట్టు: ఆపరేటర్, కంట్రోల్ ఇంజనీర్, ల్యాబ్, ప్లానర్. ప్రతి 45 నిమిషాలకు పాత్రలు మారాలి, మారేటప్పుడు షిఫ్ట్ అప్పగింత రాతపూర్వకంగా జరగాలి. సిమ్యులేటర్‌లో మీరు ముందే కొన్ని లోపాలు దాచండి: ఒక ఫ్లో మీటరు 4 శాతం ఎక్కువ చూపడం, ఒక ట్యాగ్ విలువ గడ్డకట్టి కదలకపోవడం, ల్యాబ్ సమయాలు రెండు గంటలు జరగడం, పట్టేసే వాల్వు ఒకటి. ఒక జట్టుకు మూడు లోపాలు చాలు, ఏవేవి అన్నది జట్టు జట్టుకూ మారాలి. లేకపోతే మధ్యాహ్నం బ్యాచ్‌కు జవాబులు ముందే చేరిపోతాయి.

మార్కులు లోపం పేరు చెప్పినందుకు కాదు, ఆధారానికి. "మీటరు చెడింది" అంటే మార్కుల్లేవు. ఏ బ్యాలెన్స్ ఎంత తప్పింది, పరీక్ష విలువ ఎంత, ఏ ట్యాంకు లెక్క దాన్ని సమర్థించింది, మిగతా మీటర్లను ఎందుకు వదిలేశారు అన్నవి ఒక పేజీలో రాయాలి. కోడ్ ఎక్కడి నుంచి తెచ్చుకున్నా అభ్యంతరం పెట్టొద్దు. పది నిమిషాల వైవాలో ఒక మీటరు స్టాండర్డ్ డీవియేషన్‌ను రెట్టింపు చేసి, దిద్దుబాట్లు ఎటు కదులుతాయో కంప్యూటర్ ముట్టకుండా చెప్పమనండి.